అతుకులు విప్పకండి

(నాంపల్లిలో జరిగిన ఒక కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చిత్రకళా పండితుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు సర్దిన గుమాస్తాను. దస్త్రంలోంచి ఒక్క కాగితం జారిపోతే ఒక మనిషి హక్కు ఎలా గల్లంతవుతుందో బాగా ఎరుగుదును. ఆ అనుభవంతోనే ఒక మాట మనవి చేస్తాను.

మా దాదీ ట్రంకుపెట్టెలో ఒక చిత్రాల సంపుటం ఉండేది. నీటిరంగుల పువ్వులు, పక్షులు, సిరాగీతలతో వేసిన ముఖాలు, మధ్య మధ్య అందమైన ఉర్దూ, ఫారసీ రాతలు. తరతరాలుగా పెద్దలు సేకరించి అతికించినవి. ఆమె గతించాక ఆస్తితో పాటు దానినీ పంచుకున్నాము. షరీఅత్ ప్రకారం ఆడపిల్లల వాటా కూడా ఇచ్చాము; లెక్కలో అన్యాయం జరగలేదు. కాని పంచినది ఎలా? కుట్టు విప్పి, పుటలు లెక్కపెట్టి! కొన్ని గోడలకెక్కి ఎండకు వెలిసిపోయాయి. కొన్ని పాత కాగితాలతో తూకానికి పోయాయి. తరువాత ఎన్నో ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాల మధ్య వెతికాను. ఒక్క పుటా దొరకలేదు. కుట్టు విప్పిన చేతులలో నావీ ఉన్నాయి.

ఇటువంటి సంపుటాన్ని మన పూర్వులు ‘మురక్కా’ అన్నారు. అతుకులు వేసినది అని అర్థం. దర్వేషుల అతుకుల అంగీకీ అదే పేరు. 17వ శతాబ్దంలో దారా షికోహ్ తన భార్య నాదిరా బాను బేగంకు ఇచ్చిన మురక్కా నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారో అందులోని రాతే చెబుతున్నది. 1784-85లో హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న రిచర్డ్ జాన్సన్ సేకరించిన సంపుటాలు 1807లో ఈస్టిండియా కంపెనీకి చేరి, నేడు అక్కడే ఉన్నాయి. మన చిత్రాలకై సముద్రాలు దాటవలసి రావడం బాధాకరమే. అయినా చెదరక నిలిచినవే సాక్ష్యం పలుకుతున్నాయి.

మన నగరంలోనే మరొక దారి కనిపిస్తుంది. మూడవ సాలార్ జంగ్ 1949లో అవివాహితులుగానే మరణించారు. ఆయన సేకరణ చెల్లాచెదురు కాలేదు. 1951లో అది మ్యూజియంగా ప్రజల ముందుకు వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది.

కనుక నా విన్నపం ఇది. సంపుటాన్ని పుటలుగా పంచకండి. మొత్తానికి వెల కట్టించి, ఒకరు ఉంచుకొని, మిగిలినవారి వాటా సొమ్ముగా ఇవ్వండి. లేదా ఉమ్మడిగా ఉంచుకొని ఒప్పందం రాసుకోండి. ప్రతి పుటకూ ఫోటో తీయండి. ఎవరు సేకరించారో పెద్దలనడిగి వేరే కాగితంపై రాయండి. టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. నూరేళ్ళు దాటిన చిత్రాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. ఈ నాంపల్లిలోనే, పబ్లిక్ గార్డెన్స్‌లో, రాష్ట్ర మ్యూజియం ఉంది. వెళ్ళి సలహా అడగండి.

మన సంస్కృతిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు కోసం సభలు పెడతాము, వినతిపత్రాలు ఇస్తాము. పెట్టవలసినవే, ఇవ్వవలసినవే. కాని మన ఇంటి ట్రంకుపెట్టె తాళంచెవి మన చేతిలోనే ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి దానిని ఒకసారి తెరవండి. లోపల ఏముందో మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.