గడ్డ గుట్టు తెలిస్తేనే మందు



రొమ్ములో గడ్డ తగిలితే చాలామంది సిగ్గుపడి దాచుకుంటారు. కొందరేమో, "రక్తపరీక్ష చేయిస్తే తేలిపోదా?" అంటారు. ఆ మాటలో నిజమెంతో తెలుసుకుందాం.

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు, మన ఒళ్లు కణాలతో తయారైంది. కణాలు కంటికి కనపడవు. ఒక్కో కణం మీద చెవుల్లాంటివి ఉంటాయి. అవి ప్రోటీన్లు. "ఎదుగు" అనే కబురును అవి కణం లోపలికి చేరవేస్తాయి. అలాంటి ఒక ప్రోటీన్ పేరు హెర్-2. మంచి కణాల మీద ఇది కొద్దిగానే ఉంటుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో కుప్పలు తెప్పలుగా ఉంటుంది. అందుకే ఆ గడ్డ త్వరగా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరుమందిలో 15 నుంచి 20 మందికి ఇలాంటి గడ్డే ఉంటుంది.

ఈ సంగతి ఎలా తెలిసింది? అమెరికాలో డెన్నిస్ స్లేమన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఎంతోమంది రోగుల గడ్డలను పరీక్షించారు. హెర్-2 జన్యువు ఎక్కువైన వాళ్లకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని 1987లో చెప్పారు. తర్వాత హెర్-2కే గురిపెట్టి ఒక మందు తయారైంది. దాని పేరు ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. బెంగళూరు కంపెనీ బయోకాన్ అలాంటి మందునే 2014లో మన దేశంలో అమ్మకానికి తెచ్చింది.

ఈ మందు హెర్-2ను పట్టుకుంటుంది. చెవి మూసినట్టు కబురును అడ్డుకుంటుంది. రోగాలతో పోరాడే కణాలను కూడా పిలుస్తుంది. దీనివల్ల కొందరికి గుండె బలహీనపడవచ్చు. అందుకే గుండె పరీక్షలు చేస్తూ ఇస్తారు.

మరి రక్తపరీక్ష సంగతేమిటి? హెర్-2 ముక్కలు తెగి నెత్తురులో కలుస్తాయి. వాటిని కొలవచ్చు. జబ్బు ముదిరిన వాళ్లకు మందు ఎలా పనిచేస్తోందో చూడటానికి అది కొంత సాయపడుతుంది. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఆ ముక్కలు నెత్తురులో పెరగకపోవచ్చు. రక్తపరీక్ష బాగుందని గడ్డను వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది.

గడ్డ గుట్టు చెప్పేది ముక్క పరీక్ష. సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. క్యాన్సర్ అని తేలితే అదే ముక్కలో హెర్-2 ఎంతుందో కూడా చూస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని భయపడకండి. అది వట్టి అపోహ.

అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. అయినా ఏది ఏమిటో చూసి చెప్పాల్సింది డాక్టరే. గడ్డ తగిలిన వెంటనే వెళ్లి చూపించుకోండి. సిగ్గుపడి దాచుకుంటే గడ్డ ఆగదు, పెరుగుతూనే ఉంటుంది.