చేతి ఊపు – తెర మీది ఆట



వీడియో ఆటలను గురించి ప్రసంగము అనగానే, ఇది బాలల కార్యక్రమము కాబోలునని పెద్దలు రేడియో చెవి మెలిపెట్టబోవచ్చును. కొంచెము ఓపిక పట్టవలెనని మనవి. మేము చెప్పబోయే ఆటను మా యింటిలో అందరికంటె శ్రద్ధగా ఆడినవారు అరువది ఎనిమిదేళ్ల మా నాన్నగారు.

కళాశాలలో చదువుకొనే రోజులలోనే మాకు ఈ ఆటల పిచ్చి అంటుకొన్నది. ఆనాటి ఆటలలో శరీరమునకు పని లేదు. రెండు బొటనవ్రేళ్లు మీటలు నొక్కుతుంటే తెర మీది వీరుడు పరుగెత్తేవాడు, గోడలు దూకేవాడు. ఆడేవాడు మాత్రము కుర్చీలో కదలక మెదలక ఉండేవాడు. చూచేవారికి ఇందులో వినోదమేమున్నదో బోధపడేది కాదు. పదునాలుగు మీటలున్న ఆ పరికరమును పెద్దల చేతికిస్తే, వేడి గిన్నెను పట్టుకొన్నట్లు పట్టుకొని వెంటనే తిరిగి ఇచ్చివేసేవారు.

జపానులోని నింటెండో సంస్థ ఈ అడ్డును గుర్తించినది. ఆ సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాటా 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో ఒక క్రొత్త పరికరమును చూపినాడు. అది చూపునకు టెలివిజన్ రిమోటు వలె ఉన్నది. టెన్నిస్ ఆడవలెనంటే దానిని బ్యాటు వలె ఊపవలెను. బౌలింగ్ ఆడవలెనంటే బంతిని విసరినట్లు విసరవలెను. ‘వీ’ అను పేరుతో ఆ యంత్రము 2006 నవంబరులో అమెరికాలోను, డిసెంబరులో జపానులోను అంగళ్లకు వచ్చినది. మొత్తము మీద పది కోట్లకు పైగా అమ్ముడుపోయినది.

దాని లోపలి కిటుకు విన్నవారికి ముచ్చట గొలుపుతుంది. రిమోటు లోపల చలనములోని హెచ్చుతగ్గులను మూడు దిశలలో కొలిచే చిన్న పరికరమొకటి ఉన్నది. టెలివిజన్ మీద అమర్చే సన్నని పట్టీకి ‘సెన్సర్ బార్’ అని పేరు. పేరునుబట్టి అదే మన చేతిని కనిపెట్టుచున్నదని అందరును భ్రమపడతారు. నిజమునకు అది దేనిని కనిపెట్టదు! దాని రెండు కొసలలో కంటికి కనబడని పరారుణ దీపములు వెలుగుతుంటాయి. చూచే కన్ను రిమోటు ముక్కుననే ఉన్నది. ఆ రెండు వెలుగుచుక్కలను చూచి, తాను ఎటు తిరిగి ఉన్నదో రిమోటే లెక్క కట్టుకొంటుంది. పట్టీ చెడిపోతే దాని స్థానమున రెండు క్రొవ్వొత్తులను వెలిగించి ఆడవచ్చును. మేము ఆడి చూచినాము. తెర మీది చేయి కొంచెము వణికినది గాని ఆట సాగినది.

మరియొక విశేషము మా వృత్తి కారణముగా మమ్ములను ప్రత్యేకించి ఆకర్షించినది. రిమోటులో చిన్న స్పీకరు ఉన్నది. టెన్నిస్‌లో బంతి తగిలిన చప్పుడు టెలివిజన్ నుండి గాక, మన గుప్పిటిలోనే ‘టప్’మని వినబడుతుంది, అదే క్షణమున పరికరము అదురుతుంది. శబ్దము ఏ చోటినుండి రావలెనో ఆ చోటినుండి వస్తే మనస్సు దానిని వెంటనే నమ్మివేస్తుంది. రేడియో నాటకమునకు తలుపు చప్పుడు, గాజుల సవ్వడి సమకూర్చేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

2010 జూన్‌లో సెలవు మీద మా పినతండ్రి కుమారుని యింటికి అమెరికా వెళ్లినాము. లాస్ ఏంజెల్స్ నగరములో అప్పుడే ‘ఈ-త్రీ’ అను పేరు గల వీడియో ఆటల మహాప్రదర్శన జరుగుచున్నది. 1995లో మొదలైన ఆ ప్రదర్శనకు ఆనాడు సామాన్య జనులను రానిచ్చేవారు కారు. వ్యాపారులకు, విలేఖరులకు మాత్రమే ప్రవేశము. మా ఉద్యోగము పుణ్యమా అని మాకొక చీటీ దొరికినది.

లోపల అడుగుపెట్టగానే మాకు మొదట తోచినది రూపము కాదు, రొద. వంద తిరునాళ్లను ఒకే కప్పు క్రింద చేర్చినట్లున్నది. ప్రతి సంస్థయు తన మంటపములో తన సంగీతమును పైస్థాయిలో వినిపిస్తున్నది. మేము పట్టుకొని పోయిన టేప్ యంత్రములో తరువాత వింటే ఒక్క మాట కూడ తెలియలేదు.

నింటెండో విజయమును చూచిన తక్కిన రెండు పెద్ద సంస్థలు తమ తమ చలన యంత్రములను ఆ ఏడు అక్కడ నిలబెట్టినవి. సోనీ వారి ‘మూవ్’ కఱ్ఱ కొసన రంగు దీపపు బంతి ఒకటి వెలుగుతుంటుంది. కెమెరాకు ఆ బంతి ఎంత పెద్దదిగా కనబడితే చేయి అంత దగ్గరగా ఉన్నదని లెక్క. మైక్రోసాఫ్ట్ వారి ‘కినెక్ట్’లో చేతికి ఏ పరికరమును అక్కరలేదు. గది నిండ పరారుణ చుక్కలను చల్లి, ఆ చుక్కల తీరునుబట్టి మనిషి కాళ్లు చేతులు ఎక్కడ ఉన్నవో అది గ్రహిస్తుంది. అంతకు ముందటి ఏడు, 2009లో, ఆ వేదిక మీదనే తెరలోని ఒక బాలుడు ఎదుటి మనిషితో ముచ్చటలాడినట్లు చూపినారు. మైలో అని ఆ బాలుని పేరు. ఆ ఆట ఏనాడును అంగడికి రాలేదు.

ప్రదర్శనలో మేమును వరుసలో నిలబడినాము. ఒక మంటపమున దాదాపు గంటన్నర నిలబడితే నాలుగు నిమిషముల ఆట దక్కినది. చేయి ఎత్తితే తెర మీది చేయి ఒక రెప్పపాటు తరువాత లేచినది. అద్దములో ప్రతిబింబము ఆలసించి కదిలితే ఎట్లుండునో అట్లున్నది. పక్కనున్న అమ్మాయి, ఇంకను మెరుగుపరుస్తారని మర్యాదగా చెప్పినది. వేదిక మీద చూచినప్పుడు చప్పట్లు కొట్టిన మేమే, చేతితో ఆడినప్పుడు పెదవి విరిచినాము.

మైక్రోసాఫ్ట్ వారి కెమెరాకు ఒక్కరు ఆడవలెనన్న ఆరడుగులు, ఇద్దరు ఆడవలెనన్న ఎనిమిదడుగులు ఎడము కావలెను. విజయవాడలోని మా ముందు గదిలో మంచము, బీరువా, నాన్నగారి పడక కుర్చీ పోగా మిగిలినది నాలుగున్నర అడుగులు. అందుచేత తిరుగు ప్రయాణములో మా తమ్ముడు తన పాత ‘వీ’ యంత్రమునే మా పెట్టెలో పెట్టినాడు. అది అక్కడి నూటపది వోల్టుల సరుకు. ఇక్కడ దానికొక ట్రాన్స్‌ఫార్మరును కొనవలసి వచ్చినది. ఆట సాగినంతసేపు అది గుర్రుమంటూ ఉండేది.

2011లో నాన్నగారికి పక్షవాతము సోకి కుడి చేయి పట్టు తప్పినది. వారు ఉపాధ్యాయులుగా పని చేసినవారు; నల్లబల్ల మీద వారి దస్తూరీని ఊరిలో చెప్పుకొనేవారు. ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత వ్యాయామము చేయించే యువకుడు రోజూ వచ్చి, చేయి చాచండి, మడవండి అని బతిమాలేవాడు. నాన్నగారు గోడ వైపు చూచేవారు. ఒకనాడు మా అబ్బాయి వారి చేతిలో రిమోటు పెట్టి, “తాతయ్యా, ఒక్క బంతి” అన్నాడు. బౌలింగ్‌లో వ్రేలితో అడుగు మీటను నొక్కి పట్టి, చేయి ఊపి, సరియైన క్షణమున వ్రేలు వదలవలెను. ఆ వ్రేలే వారికి లొంగనిది. మొదటి పది దినములు బంతి ప్రక్క కాలువలోనే పడినది. పదునొకండవ నాడు మూడు పిన్నులు పడినవి. ఆ పూట వారు అన్నము అడిగి పెట్టించుకొన్నారు.

అయితే పక్షము దాటకముందే వారు యంత్రము గుట్టు పట్టినారు. పూర్తిగా చేయి ఊపనక్కరలేదు. కుర్చీలో ఆనుకొని మణికట్టును ఒక్క విదుపు విదిపినను బంతి అంత వేగముగానే పోతుంది. మనుమడు “తొండి, తాతయ్యా!” అని గోల పెట్టేవాడు. వ్యాయామపు యువకుడు తల పట్టుకొన్నాడు. వేదికల మీద ఎవరును చెప్పని సంగతి ఇదే. ఆ యంత్రము కొలిచేది విదుపునే గాని శ్రమను కాదు. నాన్నగారు మాత్రము ముప్పది అయిదేళ్లు పరీక్షలలో కాపీలు పట్టుకొన్న మనిషి, పట్టుబడినప్పుడు సంతోషముగా నవ్వేవారు.

ఆరు నెలలకు ఆట తగ్గించి, పక్క వీధి మిత్రులతో పేకాటకు కూర్చోసాగినారు. పదమూడు ముక్కలను ఎడమ చేత పట్టి, కుడి చేత సర్దుకొనేవారు. యంత్రమును తెచ్చినవారము గనుక మాకు కొంచెము కష్టముగా తోచినది. తరువాత 2016లో లాన్సెట్ న్యూరాలజీ అను వైద్యపత్రికలో ఒక పరిశీలన వెలువడినది. పక్షవాతము వచ్చిన 141 మంది రోగులలో కొందరిచేత ఈ ‘వీ’ యంత్రముతోను, కొందరిచేత పేకముక్కలు మొదలైన సామాన్య వినోదములతోను అభ్యాసము చేయించినారు. రెండు వర్గముల వారి చేతులును మెరుగుపడినవి. యంత్రమునకు ఆధిక్యమేమియు కనబడలేదు. అప్పటికి నాన్నగారు లేరు. ఉండి ఉంటే ఆ పత్రికను పదిమందికి చదివి వినిపించేవారు.

ఇప్పుడా సందడి అణగినది. కినెక్ట్ తయారీని 2017లో నిలిపివేసినారు. ఈ-త్రీ ప్రదర్శన జనుల నడుమ చివరిసారి జరిగినది 2019లో. 2023 డిసెంబరులో దానికి శాశ్వతముగా స్వస్తి చెప్పినారు.

‘వీ’ యంత్రములో ఆడేవారు తమ పోలికతో చిన్న బొమ్మలను చేసుకొనవచ్చును. వాటికి ‘మీ’ అని పేరు. “మీ ‘మీ’ ఏది?” అని అడిగితే నాన్నగారు నవ్వేవారు. మా అబ్బాయి వారికి కళ్లజోడు, తెల్లని మీసము పెట్టి ఒక బొమ్మ చేసినాడు. మొన్న వేసవిలో వాడు సెలవులకు వచ్చి, అటక మీది పెట్టెను దించి బేస్‌బాల్ పెట్టినాడు. ఆ ఆటలో యంత్రము తనలో దాచుకొన్న బొమ్మలనే జట్టుగా నిలబెడుతుంది. మైదానములో కళ్లజోడు, తెల్లని మీసముతో నాన్నగారు నిలబడి ఉన్నారు. మేము ఏమియు అనలేదు. వాడు కొంతసేపు చూచి, బంతి విసరినాడు. యంత్రము చక్కగా పని చేయుచున్నది. ట్రాన్స్‌ఫార్మరు మాత్రము మునుపటికంటె కొంచెము గట్టిగా గుర్రుమంటున్నది.