ప్రహరీ గోడ దాటని ప్రేమ: హిట్లర్ కాలంలో జర్మనీ సంఘాలు

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఫాసిస్టు ప్రభుత్వం వచ్చినప్పుడు క్రైస్తవ సంఘాలు ఎలా నడుచుకున్నాయో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను జర్మనీ గురించి మాట్లాడతాను. అది లూథర్ పుట్టిన దేశం. మన వేదాంత కళాశాలల్లో చదివే పుస్తకాలు చాలావాటికి మూలాలు అక్కడే ఉన్నాయి. మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి బంధుత్వం కూడా ఉంది. నాయుడుపేట ప్రాంతానికి సువార్త తెచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్, ఒడిశాలో జయపూర్, కోరాపుట్‌లకు వచ్చిన బ్రెక్లుమ్ మిషన్, రెండూ జర్మనీవే. కాబట్టి ఇది ఎవరో పరాయివాళ్ల కథ కాదు. మనకు బైబిలు చేతికిచ్చిన వాళ్ల ఇంటి కథ.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. 1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. అప్పుడు ఆ దేశ జనాభా సుమారు 6.5 కోట్లు. అందులో దాదాపు 4 కోట్ల మంది ప్రొటెస్టెంట్లు, 2 కోట్ల మంది కతోలికులు. యూదులు 5 లక్షలు, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. బాప్తిస్మం పొందినవాళ్లే ఆ ప్రభుత్వాన్ని తెచ్చుకున్నారు. బాప్తిస్మం పొందినవాళ్లే దాన్ని నడిపారు.

అంతమంది క్రైస్తవులు ఎందుకు మోసపోయారని మీరు అడగవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయామన్న అవమానం వాళ్ల మనసుల్లో ఉంది. 60 లక్షల మందికి పని లేదు. రష్యాలో జరిగింది ఇక్కడా జరుగుతుందేమోనన్న భయం ఉంది. హిట్లర్ ఆ భయాన్ని బాగా వాడుకున్నాడు. 1933 మార్చి 23న పార్లమెంటులో మాట్లాడుతూ, క్రైస్తవ సంఘాలు జాతి నైతిక జీవితానికి ఆధారమని, వాటి హక్కులకు భంగం రానివ్వనని మాట ఇచ్చాడు. అదే రోజు పార్లమెంటు తన అధికారాలను అతని చేతిలో పెట్టింది. కతోలికుల సెంటర్ పార్టీ కూడా అనుకూలంగా ఓటు వేసింది. అప్పటివరకు నాజీ పార్టీ విషయంలో హెచ్చరికలు చేస్తూ వచ్చిన కతోలిక బిషప్పులు, అయిదు రోజులు తిరగకముందే ఆ హెచ్చరికలను సడలించారు.

జూలై 20న వాటికన్‌కూ హిట్లర్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. కతోలిక బడులకు, ఆరాధనకు, సంస్థలకు రక్షణ ఉంటుంది, బదులుగా గురువులు పార్టీ రాజకీయాలకు దూరంగా ఉంటారు. మూడు రోజుల తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎన్నికలు జరిగాయి. 'జర్మన్ క్రైస్తవులు' అని పేరు పెట్టుకున్న నాజీ అనుకూల వర్గానికి మూడింట రెండు వంతుల స్థానాలు వచ్చాయి. ఒకరు మా బడులు మాకుంటే చాలనుకున్నారు. ఇంకొకరు మా మనిషే గద్దె మీద ఉన్నాడనుకున్నారు.

ఇదే సమయంలో బయట ఏం జరుగుతోంది? ఏప్రిల్ 1న యూదుల దుకాణాల ముందు నాజీ మూకలు కాపలా నిలబడి, కొనవద్దని జనాన్ని ఆపాయి. ఏప్రిల్ 7న వచ్చిన చట్టంతో యూదు మూలాలున్నవాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేశారు. సంఘాల నాయకత్వం వైపు నుంచి గట్టి నిరసన రాలేదు. సెప్టెంబరులో ప్రష్యా సంఘం అదే నియమాన్ని తన పాస్టర్లకు కూడా పెట్టింది. తాత యూదుడైతే మనవడు పాస్టరుగా పనికిరాడు. యూదు స్త్రీని పెళ్లి చేసుకున్నా పనికిరాడు. యేసు తల్లి యూదురాలు, పౌలు యూదుడు అన్న సంగతి వాళ్లకు గుర్తు రాలేదు.

అప్పుడు కొందరు పాస్టర్లు మేల్కొన్నారు. మార్టిన్ నీమోలర్ వాళ్లను కూడగట్టి ఒక సంఘటన ఏర్పాటు చేశాడు. ఈయన మొదటి యుద్ధంలో జలాంతర్గామి కమాండర్. 1933లో ఆయన కూడా నాజీ పార్టీకే ఓటు వేశాడు. నవంబరు 13న బెర్లిన్‌లో 20 వేల మంది సభలో 'జర్మన్ క్రైస్తవుల' నాయకుడొకడు పాత నిబంధనను తీసేయాలని, పౌలు బోధను వదిలేయాలని బహిరంగంగా అన్నాడు. దాంతో ఇంకా చాలామందికి కళ్లు తెరుచుకున్నాయి. 1934 మే 29 నుంచి 31 వరకు బార్మెన్ పట్టణంలో 139 మంది ప్రతినిధులు కూడి ఒక ప్రకటన చేశారు. దాన్ని ముఖ్యంగా రాసింది కార్ల్ బార్త్. సంఘం వినవలసిన ఏకైక దేవుని వాక్యం క్రీస్తేనని, ఆ పక్కన ఇంకో నాయకుణ్ణి దేవుని ప్రత్యక్షతగా నిలబెట్టడం అబద్ధ బోధ అని అది తేల్చి చెప్పింది. ఆ రోజుల్లో అలా సంతకం చేయడానికి గుండె ధైర్యం కావాలి. హిట్లర్‌కు షరతులు లేని ప్రమాణం చేయనన్నందుకు మరుసటి ఏడు బార్త్ తన ప్రొఫెసర్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

కానీ బార్మెన్ ప్రకటనను మీరు మొదటి నుంచి చివరి వరకు చదవండి. యూదుల మాట ఒక్కటి లేదు. సంఘాన్ని ముట్టుకోవద్దని ప్రభుత్వానికి చెప్పారు. పక్కింటివాణ్ణి ముట్టుకోవద్దని చెప్పలేదు. బార్త్ దాన్ని తన లోపమేనని చాలా ఏళ్ల తర్వాత, 1967లో, ఒక ఉత్తరంలో రాశాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "అయ్యగారూ, అంత క్రూరమైన ప్రభుత్వం ముందు సంఘం నోరు విప్పితే మాత్రం ఏమయ్యేది? అందరినీ చంపేసేవాళ్లు కదా?" న్యాయమైన ప్రశ్నే. జవాబుగా మూడు సంఘటనలు చెబుతాను.

1934 అక్టోబరులో వుర్టెంబర్గ్ బిషప్పు వుర్మ్‌ను, బవేరియా బిషప్పు మైజర్‌ను ప్రభుత్వం గృహనిర్బంధంలో పెట్టింది. విశ్వాసులు వేలాదిగా వీధుల్లోకి వచ్చి పాటలు పాడారు, ప్రార్థనలు చేశారు. హిట్లర్ వెనక్కి తగ్గాడు. ఇద్దరినీ తిరిగి పదవుల్లో కూర్చోబెట్టారు.

1936 నవంబరులో ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో బడుల్లోని సిలువలు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. రైతులు, తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఉత్తర్వు రద్దయింది.

1941 ఆగస్టు 3న ముయెన్‌స్టర్ బిషప్పు గాలెన్ తన ప్రసంగంలో ఒక ఘోరాన్ని బయటపెట్టాడు. మానసిక రోగుల్ని, వికలాంగుల్ని ప్రభుత్వం రహస్యంగా చంపుతోంది. అప్పటికే 70 వేల మందిని విషవాయువుతో చంపారు. ఆ ప్రసంగం ప్రతులు చేతులు మారుతూ దేశమంతా పాకాయి. మూడు వారాల్లో హిట్లర్ ఆ కార్యక్రమాన్ని ఆపమన్నాడు. తర్వాత చాటుగా మళ్లీ సాగించారు, అది వేరే సంగతి. కానీ గాలెన్‌ను ముట్టుకోలేకపోయారు.

అంటే సంఘానికి బలం లేదనడం నిజం కాదు. బిషప్పు కోసం కదిలింది, గెలిచింది. గోడ మీది సిలువ కోసం కదిలింది, గెలిచింది. మరి 1938 నవంబరు 9, 10 తేదీల్లో, దేశంలో 1,400కు పైగా సమాజమందిరాలను తగలబెట్టి, పాడుచేసి, దాదాపు 30 వేల మంది యూదు పురుషుల్ని నిర్బంధ శిబిరాలకు తోలినప్పుడు? ఆ వేల మంది విశ్వాసులు వీధిలోకి రాలేదు. పైగా నవంబరు 10 లూథర్ పుట్టినరోజు. తురింగియా బిషప్పు సాసె ఆ సంగతి ఎత్తి చూపించి సంతోషపడుతూ, లూథర్ 1543లో యూదుల మీద రాసిన ద్వేషపు రాతల్ని అచ్చువేసి పంచాడు. సమాజమందిరాలను కాల్చమని లూథర్ నిజంగానే రాశాడు. విషం కొత్తది కాదు, నాలుగు వందల ఏళ్లుగా మన ఇంట్లోనే దాచి ఉంచుకున్నాం.

యౌవనస్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. మౌనం కంటే ఘోరమైనది. అది బాప్తిస్మ రిజిస్టరు.

ఉద్యోగానికైనా, పెళ్లికైనా 'నేను యూదుణ్ణి కాదు' అని రుజువు చూపాల్సిన రోజులు వచ్చాయి. మీ కాగితం, మీ తల్లిదండ్రుల కాగితాలు, తాతమ్మల కాగితాలు తేవాలి. జర్మనీ అంతటా ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1876లో. అంతకు ముందటి లెక్క ఎక్కడుంది? చర్చి బీరువాలో, బాప్తిస్మ రిజిస్టరులో. పాస్టర్లు ఆ రిజిస్టర్లు తిరగేసి సర్టిఫికెట్లు రాసిచ్చారు. హిట్లర్‌ను వ్యతిరేకించిన పాస్టర్లు కూడా రాసిచ్చారు. బెర్లిన్‌లో 1936లో సంఘమే దీనికోసం ఒక కార్యాలయం తెరిచి, బాప్తిస్మం పొందిన యూదుల పేర్లు వెతికి తీసింది. ఎవరూ కత్తి పట్టలేదు. కలం పట్టి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. క్రీస్తులో కొత్త సృష్టి అయ్యారని సాక్ష్యమిచ్చే పుస్తకం, ఎవరి రక్తం ఎలాంటిదో చెప్పే పుస్తకంగా మారిపోయింది.

దాని ఫలితం చూడండి. 1941 సెప్టెంబరు నుంచి యూదులు పసుపు నక్షత్రం కుట్టుకుని తిరగాలన్నారు. బాప్తిస్మం పొందిన యూదులకూ అదే రూలు. డిసెంబరు 17న ఏడు ప్రాంతీయ ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి, యూదు మూలాలున్న క్రైస్తవులకు తమ సంఘాల్లో చోటు లేదని ప్రకటించాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నవాళ్లను బయటికి నెట్టారు. ఆ ఏడింటిలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సంఘం ఒకటి. ఒడిశా నుంచి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బ్రెక్లుమ్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. కోరాపుట్ కొండలెక్కి వచ్చిన ఆ మిషనరీలను నేను తక్కువ చేయడం లేదు. సముద్రాలు దాటి సువార్త పంపిన నేల, రెండు తరాల తర్వాత పక్క కుర్చీలోని సహోదరుణ్ణి గెంటేసింది. గొప్ప చరిత్ర ఉన్నంత మాత్రాన సంఘానికి భద్రత లేదు.

గోడను సంఘం ప్రహరీ దగ్గర కట్టుకుని, బయటివాళ్ల సంగతి మనకెందుకు అనుకుంటే, ఆ గోడ అక్కడే ఆగదు. మెల్లగా లోపలికి జరుగుతుంది. చివరికి ప్రభువు బల్ల మధ్యకు వస్తుంది. జర్మనీ నాకు నేర్పిన పాఠం ఇదే.

ఆ గోడ దాటినవాళ్లూ ఉన్నారు. ఎలిసబెత్ ష్మిట్స్ బెర్లిన్‌లో బడి పంతులమ్మ. యూదుల బాధలన్నీ వివరంగా రాసి, 1935లోనే సంఘ పెద్దల ముందు పెట్టింది. వాళ్లు పట్టించుకోలేదు. 1938 దహనకాండ తర్వాత, ఈ ప్రభుత్వం చెప్పమన్నది పిల్లలకు చెప్పలేనని ఆమె ఉద్యోగం వదిలేసింది. ఓబర్‌లెన్నింగెన్ అనే చిన్న ఊళ్లో పాస్టర్ యూలియుస్ ఫాన్ యాన్, ఆ దహనకాండ జరిగిన వారంలోనే, యిర్మీయా 22వ అధ్యాయం తీసుకుని ఇది పాపమని ప్రసంగించాడు. మూక వచ్చి కొట్టింది, జైల్లో వేశారు. బెర్లిన్ కతోలిక గురువు బెర్నార్డ్ లిఖ్టెన్‌బర్గ్ ఆ నవంబరు నుంచి ప్రతి సాయంత్రం ప్రార్థనలో యూదుల కోసం బహిరంగంగా ప్రార్థించాడు. 1941లో పట్టుకుపోయారు. 1943 నవంబరు 5న డాఖౌ శిబిరానికి తీసుకుపోతుండగా దారిలో చనిపోయాడు. డీట్రిష్ బోన్‌హోఫర్ 1933 ఏప్రిల్‌లోనే, బాధితుడు సంఘ సభ్యుడు కాకపోయినా సంఘం అతనికి రుణపడి ఉందని రాశాడు. 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు.

వీళ్లు ఎక్కువమంది కాదు. వీళ్ల పేర్లు చెప్పుకుని మొత్తం సంఘానికి మార్కులు వేయకూడదు. నీమోలర్ కూడా ఎనిమిదేళ్లు చెరలో ఉండి వచ్చాక, బయటివాళ్ల కోసం సకాలంలో మాట్లాడలేదన్న మాటే తన జీవితాంతం చెప్పుకున్నాడు. 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో ప్రొటెస్టెంట్ నాయకులు తమ దోషం ఒప్పుకున్నారు. అందులో కూడా యూదుల పేరు రాలేదు.

ఇక మన సంగతి. మనం జర్మనీ క్రైస్తవుల్లాంటివాళ్లం కాదు. వాళ్లు నూటికి తొంభైకి పైగా. మనం 2011 జనగణన ప్రకారం దేశంలో 2.3 శాతం. కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో, ఒడిశాలో ఉన్న తెలుగు క్రైస్తవులం భాషలోనూ తక్కువే, మతంలోనూ తక్కువే. మన గోడ మనం కాపాడుకుంటే చాలనిపించడం సహజం. మన బడి అనుమతి, మన చర్చి స్థలం, మన శ్మశానం గురించి అడగాలి, అడుగుదాం. అది తప్పు కాదు. కానీ అక్కడే ఆగిపోతే మనం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లమే.

రోమా 13వ అధ్యాయం చూపించి నోరు మూయించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లను అదే అధ్యాయం 10వ వచనం వరకు చదవమనండి. పొరుగువాడికి కీడు చేయని ప్రేమ దగ్గర పౌలు ఆ మాట ముగిస్తాడు. పౌలు అధికారానికి లోబడమన్నాడు గాని, కీడులో పాలివారం కమ్మనలేదు.

మీరు ఇళ్లకు వెళ్లాక రెండు పనులు చేయండి. మీ సంఘంలో ప్రార్థన అంశాల పట్టిక తీసి చూడండి. జబ్బులు, పరీక్షలు, వీసాలు, పెళ్లి సంబంధాలు ఉంటాయి. సంఘం బయటి మనిషి పేరు ఒక్కటైనా ఉందా? మీ వీధిలో బెదిరింపుకు గురైన ముస్లిం కుటుంబం, మురుగు కాలువలో దిగిన పారిశుద్ధ్య కార్మికుడు, ఊరి నుంచి వెలివేయబడ్డ మనిషి, వీళ్లలో ఎవరి కోసమైనా పేరు పెట్టి ప్రార్థించామా? బెంగుళూరులో తెల్లవారకముందే వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్ల పేర్లు మనకు తెలుసా? లిఖ్టెన్‌బర్గ్ ఆయుధం పట్టలేదు, ప్రార్థనలో ఒక పేరు చేర్చాడు. ప్రభుత్వం దానికే భయపడింది.

రెండోది, మీ సంఘంలో గోడ ఎక్కడుందో చూడండి. కులం అడిగి కూర్చోబెట్టే కుర్చీ ఉందా? కులం చూసి చోటిచ్చే శ్మశానం ఉందా? రిజిస్టరులో పేరు పక్కన ఏం రాస్తున్నాం, ఎందుకు రాస్తున్నాం? పెద్దలను మర్యాదగానే అడగండి, కానీ అడగండి. రక్తాన్ని బట్టి మనిషిని లెక్కగట్టడం లోపల అలవాటైన సంఘం, బయట అదే పని చేసే ప్రభుత్వాన్ని ఎదిరించలేదు. దానికి ఆ నోరు ఉండదు.

మంచి సమరయుని కథలో యాజకుడు, లేవీయుడు ఎవరినీ కొట్టలేదు. పక్కగా వెళ్లిపోయారు, అంతే. మనం ఆ దారిలో ఉన్నాం. పడి ఉన్న మనిషి మన సంఘ సభ్యుడా కాదా అని యేసు అడగలేదు. పొరుగువాడుగా నిలిచింది ఎవరని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబిచ్చే ధైర్యం ప్రభువు మనకు దయచేయును గాక.