కౌంటరుకు ఇవతలివైపు

 

నాది మిడుతూరు మండలంలో ఒక ఎస్సీ కాలనీ. డిగ్రీ, రిజర్వేషను, నంద్యాల బ్యాంకు కోచింగు: ఈ మూడూ కలిసొచ్చి గుమాస్తాగా చేరి, మేనేజరుగా రిటైరయ్యాను. ఒక్కటి తగ్గినా కూలికి పోయేవాణ్ణి. అందుకే పిల్లలూ, కష్టపడితే చాలని మీకు చెప్పను. మా నాయన నాకంటే ఎక్కువ కష్టపడినాడు.

2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే అర్హతలు, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళితుల పేరున్నవాటికి పిలుపులు తగ్గాయి. అమెరికాలో రాజ్ చెట్టి బృందం 2018లో ఇంకోటి చూపింది. సమాన ఆదాయమున్న ఇళ్ళలో పెరిగినా, నల్లజాతి మగపిల్లలు పెద్దయ్యాక తెల్లజాతి మగపిల్లలకంటే తక్కువే సంపాదిస్తున్నారు. అయితే పేదరికం తక్కువై, పిల్లలతో కలిసి ఉండే నల్లజాతి తండ్రులు ఎక్కువున్న పేటల్లో వాళ్ళు మెరుగ్గా ఉన్నారు, సొంత తండ్రి ఇంట్లో లేని పిల్లలతో సహా. పక్కింటి నాయన కూడా పనికొస్తాడన్నమాట!

మన కాలనీల్లో అలా పనికొచ్చే పక్కింటి నాయన లేడనే నా బెంగంతా. 2016లో స్టాండప్ ఇండియా అనే అప్పుల స్కీము వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు, కొత్త వ్యాపారానికి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. మా శాఖకు ఆ అప్పు అడగడానికి వచ్చిన మన కాలనీ పిల్లలు అరుదు. వచ్చినోడికీ షట్టరు అద్దెకిచ్చేదెవరో, సరుకు అరువిచ్చే షావుకారెవరో తెలీదు. వేరే ఇళ్ళ పిల్లోడైతే మామను వెంటబెట్టుకొని వచ్చేవాడు. ఆ మామకు ఎరువుల డీలరు తెలుసు, డీలరుకు ఆడిటరు తెలుసు. మనోడికి మామ ఉన్నాడు, ఆయనకు ఎవరూ తెలీదు.

ఏమప్పా, కాలనీలో మగపిల్లోళ్ళంతా కౌంటరు లోపల కూర్చోడానికే చదవాల్నా? ఇవతల నిలబడి అప్పడిగేవాడు ఒక్కడన్నా వద్దా? ఆడపిల్లలూ నవ్వొద్దు, ఆ స్కీములో మీకూ వాటా పెట్టినారు.

ఉద్యోగమొస్తే చేరండి, వద్దనను. హైదరాబాదు పోయినంక సిమ్ము మార్చే పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. మీరు మాత్రం కాలనీ పిల్లోడు ఫోన్ చేస్తే ఎత్తండి. వాడికి మీరే మామ. గ్రూప్సు మళ్ళీ మళ్ళీ రాసే ఓపికున్నోళ్ళు ఒక్కసారి అప్పు కోసం ప్రాజెక్టు రిపోర్టు రాసి చూడండి. చేతకాకపోతే మా ఇంటికి రండి, ఖాళీగానే ఉన్నాను.