ముల్లు సరే, చెవి మాటేమిటి?

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, మా అమ్మాయి పియానోకి ఫోనులో ట్యూనర్ పెట్టుకుని నేనే శ్రుతి చేశాను. ప్రతి స్వరానికీ ముల్లు సరిగ్గా మధ్యకే వచ్చింది. అమ్మాయి మాత్రం "పై స్వరాలు దిగిపోయాయి నాన్నా" అని వారంపాటు పియానో ముట్టుకోలేదు.

చివరికి శ్రుతి చేసేవారిని పిలిపించాను. పియానో తీగ ఉక్కుది, బిరుసు. అందుకని మూలస్వరంతోబాటు పలికే పైస్వరాలు లెక్కకన్నా కాస్త హెచ్చుగా పలుకుతాయట. వాటితో కలవాలంటే పై స్థాయిని రెట్టింపుకన్నా పిసరంత ఎక్కువ బిగించాలి. నా ట్యూనర్‌కి ఆ సంగతి తెలీదు! పియానోల కోసమే చేసిన యంత్రాలు ఆ బిరుసునీ కొలుస్తాయి. ఆయన దగ్గరా ఒకటుంది. 440 హెర్ట్జ్ స్వరం దానితోనే పెట్టారు. కానీ ఒకే మీటకి మూడు తీగలున్నచోట దాన్ని ఆపేసి, తీగల మధ్య "వావ్ వావ్" మనే అల అణిగేదాకా చెవితోనే బిగించారు.

ఆ అల అమ్మాయికి వెంటనే వినిపించింది. నాకు మూడోసారికి.