పది కొడితే షట్టర్లు

2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. ముందురోజు కబురు తెలియగానే వైన్ షాపుల ముందు జనం బారులు తీరారు. బియ్యం, పప్పులు ఆ తర్వాతే! సడలింపు పొద్దున ఆరు నుంచి పదిదాకానే. దాంతో జనమంతా ఆ నాలుగు గంటల్లోనే బజారున పడ్డారు. తొమ్మిదిన్నర దాటితే బేరాల్లేవు, టమాటాలు తూచీతూచకుండానే సంచిలో పడేవి. అడ్డా కూలీదే అసలు కష్టం: పనికి పిలిచే వేళకే ఇంటికి పొమ్మనేవారు. పెళ్లికి 40 మందే అనేసరికి, ఏ మేనమామను పిలవకుండా మానెయ్యాలన్నది ఇంటింటా తగువు. మే 31 నుంచి ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి ఐదు దాకా వెసులుబాటు పెరిగింది. జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. హమ్మయ్య అన్నవాళ్ల పక్కనే, ఇంత తొందరేమిటని మాస్కు సర్దుకున్నవాళ్లూ ఉన్నారు.