మనలను మనము ఏ అద్దములో చూచుకొనుచున్నాము?

(శతవార్షిక సభలలో చేసిన ప్రసంగ పాఠము)

ఆత్మగౌరవము ఎట్లు ఏర్పడును, అది మన బ్రతుకులపై ఎట్లు పనిచేయును అను విషయమై మాట్లాడవలెనని నిర్వాహకులు మమ్మును కోరినారు. ఈ అంశము వినగానే మాకు జ్ఞాపకమునకు వచ్చినది ఏ గ్రంథమో కాదు, ఒక బాలుడు. కనుక ముందు ఆ బాలుని సంగతి చెప్పి, పిమ్మట విషయములోనికి వెళ్లెదము.

మేము వేదాంత కళాశాల విడిచి పరిచర్యలో ప్రవేశించిన తొలి దినములవి. ఒక ఆదివారము పదవ తరగతి చదువుచున్న కుర్రవాడొకడు వాక్యపాఠము చదువుటకు లేచినాడు. తండ్రి రోజుకూలి. ఇంటిలో అక్షరము వచ్చినవారు లేరు. పాత నిబంధనలోని పేర్లవద్ద వాని నాలుక తడబడినది. వెనుక బల్లలలో ఎవరో నవ్విరి. ఆరాధన ముగిసిన తరువాత, గుడి వాకిట అందరును నిలిచియుండగా, "చదవడం రానప్పుడు ఎందుకు లేచావు? ఇకమీదట బాగా చదివేవాళ్లే చదువుతారు" అంటిమి. ఆరాధన మర్యాద కాపాడితిమని అనుకొంటిమి. వాడు మరి ఎన్నడును గుడిలో నోరు విప్పలేదు. ఇంటర్మీడియెట్‌లో చేరి మధ్యలోనే మానివేసినాడు. అదంతయు మా మాటవలననే జరిగినదని చెప్పలేము. కాని అందులో మా మాటకు పాలు లేదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

ఆత్మగౌరవమనగా గర్వము కాదు. గర్విష్ఠుడు ఎల్లప్పుడు ప్రక్కవానితో కొలుచుకొనును. ప్రక్కవాడు తగ్గితేనే గాని తాను హెచ్చినట్లు వానికి తోచదు. ఆత్మగౌరవము గలవానికి ఆ కొలబద్దతో పనిలేదు. తనలో తప్పులున్నవని ఎరుగును. అయినను తాను పనికిమాలినవాడను కానని కూడ ఎరుగును.

ఇది ఎక్కడనుండి వచ్చును? మొదటిది, ఇతరుల కన్నులనుండి. 1902లో చార్లెస్ హోర్టన్ కూలీ అను అమెరికా సమాజ శాస్త్రవేత్త ఇతరులను అద్దముతో పోల్చినాడు. వారు మనలను ఎట్లు చూచుచున్నారని, ఏమని తీర్పు తీర్చుచున్నారని మనము ఊహించుకొందుమో, దానినిబట్టి మనకు సంతోషమో సిగ్గో కలుగునని ఆయన వివరించెను. బిడ్డకు మొదటి అద్దము తల్లిదండ్రులే. "మొద్దు వెధవా" అని, "ఈ నల్లపిల్లకు పెళ్లి ఎలా అవుతుందో" అని, "ఎదురింటివాణ్ణి చూసి నేర్చుకో" అని మనము నోరు జారుచుందుము. మనము మధ్యాహ్నమునకే మరచిపోదుము. బిడ్డ మరువడు.

రెండవది, సమాజము. 1940 ప్రాంతమున కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అను నల్లజాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులైన దంపతులు, మూడు మొదలు ఏడేండ్ల నల్లజాతి పిల్లలయెదుట రంగులో తప్ప వేరు భేదము లేని బొమ్మలుంచి, వీటిలో మంచిది ఏదని అడిగిరి. ఎక్కువమంది తెల్లబొమ్మను చూపిరి. ఆ పసివారికి ఆ మాట ఎవరు నేర్పిరి? ఎవరును కూర్చుండబెట్టి నేర్పలేదు. వారు పీల్చిన గాలియే నేర్పినది. 1954లో పాఠశాలలలో జాతి వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పినపుడు అమెరికా సుప్రీంకోర్టు ఇట్టి పరిశోధనలను పేర్కొన్నది.

అంత దూరము పోనేల? 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కులము పేరిట ఎన్ని అవమానములు పడెనో మనకు తెలియును. ఆయన ఆ చిన్నచూపును తన హృదయములోనికి రానీయలేదు. గుడిలోనికి పోవీలులేని మానవుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలముచేత శివునికి మొర పంపుకొనుటను 1941లో కావ్యముగా నిలిపి, ప్రశ్నను సమాజమువైపునకే త్రిప్పినాడు. మహాకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. చిన్నచూపును ఎదిరించు ధైర్యము మనిషిలో నుండవలెను. గౌరవించు పెద్దమనసు ఎదుటివారిలోను ఉండవలెను.

మూడవది, మన ఆశలు. 1890లో విలియం జేమ్స్ అను పండితుడు దీనిని లెక్కగా చెప్పినాడు: మన సాఫల్యమును మన ఆశలతో భాగించగా వచ్చినదే ఆత్మగౌరవము. అందుచేతనే అరువది మార్కులు వచ్చిన పిల్ల మిఠాయి పంచుచుండగా, తొంబదియైదు వచ్చిన పిల్ల తలుపు వేసికొని ఏడ్చుచుండును. ఆ ఆశ ఆ బిడ్డదేనా, లేక మనము తీర్చుకొనలేకపోయిన మన ఆశయా? తల్లిదండ్రులు తమ్మును తాము అడుగవలసిన ప్రశ్న ఇది. ఫలితములు వచ్చిన దినమున కొన్ని ఇండ్లకు మేము ఓదార్చుటకు పోవలసివచ్చినది. కనుక ఈ మాట తేలికగా చెప్పుటలేదు.

ఆత్మగౌరవము కొరవడినవాడు ఎట్లు బ్రతుకును? కొందరు ముడుచుకొనిపోవుదురు, సభలో వెనుక బల్ల, ఆఫీసులో మౌనము, వచ్చిన అవకాశమును "నా వల్ల కాదు" అని త్రోసివేయుట. మరికొందరు ఇందుకు విరుద్ధముగా కఠినులగుదురు. బయట తలవంచుకొని, ఆ కసిని ఇంటిలో భార్యమీదను బిడ్డలమీదను తీర్చుకొందురు. కనాను దేశము చూచివచ్చిన వేగులవారిని జ్ఞాపకము చేసికొనుడి. అచ్చటి మనుష్యులయెదుట వారు తమ్మును మిడతలుగా ఎంచుకొనిరి. వారిని ఓడించినది ముందుగా ఆ తలంపే.

అయితే పొగడ్తలతో పిల్లలను నింపుదమా? అదియు సరికాదు. రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు అనేక పరిశోధనలను పరిశీలించి 2003లో ప్రచురించిన సమీక్షలో, ఆత్మగౌరవమును పెంచినంతమాత్రాన చదువు మెరుగగునని చెప్పుటకు తగిన ఆధారము కనబడలేదనిరి. బాగుగా చదువుటవలననే కొంత ఆత్మగౌరవము కలుగుచున్నట్లు వారికి తోచెను. కనుక మనిషికి కావలసినది ఒట్టి పొగడ్త కాదు. చేయదగిన పని, నేర్చుకొనుటకు వ్యవధి, తడబడినపుడు ప్రక్కన నిలుచు ఒక మనిషి.

దానధర్మములు కూడ దీనికి బదులు కావు. 1912లో దోర్నకల్‌లో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, అంతకు రెండేండ్లు ముందే, 1910లో, ఎడింబరో మహాసభలో పాశ్చాత్యుల యెదుట నిలిచి ఈ సంగతిని నిర్భయముగా చెప్పినారు. మిషనరీల త్యాగమును కొనియాడుచునే, భారతీయ సేవకులకు వారు సమానులుగా స్నేహమును కూడ ఇయ్యవలెనని అడిగిరి. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మనము ఆ ప్రశ్నను మనవైపునకు త్రిప్పుకొనవలెను. మన సంఘములలో బీదవానికి బియ్యము ఇచ్చుచున్నాము. కమిటీలో కుర్చీ ఇచ్చుచున్నామా?

ఆ కుర్రవాని సంగతి ముగించెదము. ఇటీవల మరల ఆ పాస్టరేటుకు పోతిమి. ఇప్పుడాయన ఒక పాప తండ్రి. ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, చాలసేపు నిలువబడి, "అయ్యగారూ, మా పాపకు చదవడం బాగానే వచ్చు. కానీ అందరి ముందు చదివించకండి" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. మేము వాకిట విసరిన మాట ఇరువది యేండ్లు నడచి ఆ బిడ్డవద్దకు చేరినది. "నాయనా, ఆనాడు తప్పు నాది. నన్ను క్షమించు" అని ఆయన చేతులు పట్టుకొంటిమి. ఆయన ఏమియు అనలేదు. కాని మరుసటి నెల పాపను తానే తీసికొనివచ్చినాడు. ఆ శనివారము ముగ్గురము కూర్చుండి కష్టమైన పేర్లు పదిసార్లు చదివితిమి. ఆదివారము పాప చదివినది. ఒకచోట ఆగినది, ఎవరును నవ్వలేదు. తండ్రి ఇంకను చదువుటలేదు. అది మేము మోయవలసిన భారము.

కనుక ప్రియులారా, తప్పును చాటున దిద్దుదము, మంచిని నలుగురిలో చెప్పుదము, వెనుక బల్లవానిని పేరుపెట్టి పిలుతము. మన మాటచే ఎవడైన క్రుంగియుండినయెడల, మన వయస్సును హోదాను చూచుకొనక పోయి క్షమాపణ వేడుదము. మనలో ప్రతివానిని తన స్వరూపమందు సృజించిన దేవుడు ఇందుకు మనకు సహాయము చేయును గాక.